వెబ్‌సైట్ అమ్ముతున్నాం, డబ్బు ఏ దారిలో తీసుకుంటే క్షేమం? (నెల్లూరు–బెంగళూరు బేరం)

పెన్నా_ఇసుక (నెల్లూరు) · సోమవారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్లు, మేత ధరలు రోజూ పెట్టే తెలుగు సైటు ఒకటి అమ్మకానికి ఉండాది. డాట్ కామ్ డొమైన్, వర్డ్‌ప్రెస్, షేర్డ్ హోస్టింగు, నాలుగేళ్ళ పోస్టులు, యాడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనల) ఆదాయం. బెంగళూరు ఆయన ఒకరు 3,60,000 రూపాయలకు ఒప్పుకున్నారు. ఆయన చెప్పే పద్ధతి: ముందు అడ్మిన్ లాగిన్ ఇవ్వాలి, చూసుకున్నాక 50,000 యూపీఐలో కొడతారు, డొమైన్ ఆయన పేరు మీదికి మారాక మిగతా 3,10,000కి చెక్కు ఇస్తారు. ఇందులో ఏది ఒప్పుకోవచ్చు, ఏది ఒప్పుకోకూడదు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మైపాడు_అల · సోమవారం ఉదయం 9:31

మూడింటిలో ఒక్కటీ ఒప్పుకోవద్దు అన్నా.

అడ్మిన్ లాగిన్ అంటే సైటు మొత్తం. ఆ లాగిన్‌తో ఒక బ్యాకప్ ప్లగిన్ వేస్తే పది నిమిషాల్లో ఫైళ్ళూ డేటాబేసూ దిగిపోతాయి. పోతూ పోతూ కొత్త అడ్మిన్ యూజర్‌ని కూడా పెట్టిపోవచ్చు. ఆయన చూడాల్సింది ట్రాఫిక్కూ ఆదాయమూ. అనలిటిక్స్‌లో ఆయన మెయిల్‌కి వ్యూయర్ హక్కు ఇవ్వండి, సెర్చ్ కన్సోల్‌లో రిస్ట్రిక్టెడ్ యూజర్‌గా చేర్చండి. యాడ్‌సెన్స్ మాత్రం వీడియో కాల్‌లో మీ స్క్రీను మీదే చూపించండి, తేదీలు ఆయన అడిగినవి పెట్టి పేజీని ఆయన ముందే రీఫ్రెష్ చేయండి. స్క్రీన్‌షాట్లు పంపితే నమ్మరు, నమ్మకపోవడం ఆయన తప్పు కాదు. ఎనీడెస్క్ లాంటి, మీ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే యాప్‌లు వేసుకోమంటే కాల్ కట్ చేసేయండి.

ఒంగోలు_పద్దులు · సోమవారం ఉదయం 10:05

డబ్బు సంగతి చెప్తాను. ఏ పద్ధతి అయినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా ఖాతాలో పడిన డబ్బు, పంపినవాడు తల్చుకుంటే వెనక్కి పోగలదా? డొమైన్ చెయ్యి దాటితే వెనక్కి తెచ్చుకోవడం నెలల పని. కాబట్టి దానికి బదులుగా వచ్చే డబ్బు కూడా వెనక్కి పోనిదై ఉండాలి.

ఆర్టీజీఎస్: పెద్ద మొత్తాల బ్యాంకు బదిలీ, కనీసం 2,00,000. 2020 డిసెంబరు 14 నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది. మీ ఖాతాలో జమ అయ్యాక అది తుది చెల్లింపు, పంపినవాళ్ళు రద్దు చేసుకోలేరు. మీ బేరానికి ఇదే సరైనది.

నెఫ్ట్: ఇదీ 24 గంటలూ ఉంటుంది, అరగంటకో బ్యాచ్ చొప్పున రోజుకు 48 బ్యాచ్‌లు. జమ అయ్యాక ఇదీ వెనక్కి పోదు. కాకపోతే "పంపాను" అన్నదానికీ "ముట్టింది" అన్నదానికీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే మీ చేత డొమైన్ వదిలించుకోవాలని చూస్తారు.

ఐఎంపీఎస్: 5,00,000 వరకూ, క్షణాల్లో పడుతుంది. మీ బ్యాంకో ఆయన బ్యాంకో అంతకంటే తక్కువ పరిమితి పెట్టుకుని ఉండొచ్చు.

యూపీఐ: మనిషి నుంచి మనిషికి మామూలుగా రోజుకు లక్ష. బయానాకి సరిపోతుంది. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు. "స్కాన్ చేయండి, మీకు 50,000 పడుతుంది" అంటే మీ ఖాతా నుంచి పోతుందనే అర్థం.

చెక్కు: డొమైన్ మారాక చెక్కు అంటే అప్పు ఇచ్చినట్టే. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు బ్యాచ్‌ల కోసం ఆగకుండా వచ్చినవి వచ్చినట్టు క్లియరింగుకు పోతున్నాయి, తొందరగానే తేలుతుంది. కానీ తేలేది "డబ్బు లేదు" అని కూడా కావచ్చు. చెక్కే ఇస్తానంటే ముందే ఇమ్మనండి. క్లియరై, వాడుకోగల బ్యాలెన్సులో కనబడ్డాక మిగతా మాట.

నగదు గురించి ఎవరైనా అంటారేమో. ఒకే లావాదేవీకి 2,00,000 గానీ అంతకు మించి గానీ నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా పుచ్చుకున్నవాడికే, పుచ్చుకున్నంతా. నాలుగు రోజులు నాలుగు ముక్కలుగా తీసుకున్నా బేరం ఒకటే కాబట్టి లెక్క మారదు.

దర్శి_వకీలు · సోమవారం ఉదయం 10:48

చెక్కు మీద ఒక చేర్పు. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ఉందిగా అని చాలామంది ధీమా పడతారు. దానికి గడువులు ఉన్నాయి. బ్యాంకు రిటర్న్ మెమో మీకు అందిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అది అందుకున్నాక కట్టడానికి 15 రోజులు ఇవ్వాలి, అప్పటికీ కట్టకపోతే నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఒక్క గడువు తప్పినా తలనొప్పే. గడువులన్నీ పాటించినా కేసు నడుస్తున్నన్నాళ్ళు సైటు మీద ఆదాయం ఆయన తింటూ ఉంటాడు. 138ని ధైర్యంగా పెట్టుకుని డొమైన్ ముందే ఇవ్వడం తెలివైన పని కాదు.

పొదిలి_పొద్దు · సోమవారం ఉదయం 11:20

కొనేవాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. 3,60,000 ముందే పోసి, ఆ తర్వాత అమ్మినాయన ఫోన్ ఎత్తకపోతే? ఆ బెంగళూరు ఆయన మోసగాడే అని ఎందుకు అనుకోవాలి, ఆయన భయం ఆయనది. "మొత్తం ముందే" అంటే మంచి బయ్యర్ కూడా వెళ్ళిపోతాడు. ఇద్దరికీ కుదిరే దారి చెప్పండి.

కావలి_కీబోర్డు · సోమవారం మధ్యాహ్నం 12:02

పొద్దు గారు చెప్పింది న్యాయం. విడతలు పెట్టాలి, కానీ ఏ విడతకి ఏది చెయ్యి దాటుతుందో అంతకు ముందే రాసుకోవాలి.

సైటు అంటే ఒక్క వస్తువు కాదు. డొమైన్, ఫైళ్ళు, డేటాబేసు, సోషల్ పేజీలు, మెయిల్ ఐడీలు అన్నీ కలిస్తేనే సైటు. వీటిలో ప్రాణం డొమైన్. గూగుల్‌లో వచ్చే ర్యాంకూ బయటి లింకులూ అన్నీ దాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. ఫైళ్ళు ఎత్తుకుపోయి వేరే పేరుతో పెట్టినా అది కాపీ సైటే అవుతుంది, ఆ ట్రాఫిక్ రాదు. అందుకే డొమైన్‌ని పెద్ద విడతకే కట్టేయాలి.

మీ 3,60,000 కి నేనైతే ఇలా విడగొడతాను. ఒప్పందం సంతకాల రోజు 36,000 బయానా, ఐఎంపీఎస్‌లో. ఆయన హోస్టింగ్ సిద్ధం చేసుకుని, చూడాల్సినవన్నీ చూసుకున్నాక 2,88,000 ఆర్టీజీఎస్. అది మీ స్టేట్‌మెంట్‌లో కనబడిన గంటలో డొమైన్ పుష్ (ఆయన ఖాతాకి మార్చడం). సైటు ఆయన సర్వర్ మీద నడిచి, పది రోజులు మీరు సాయం చేశాక మిగతా 36,000. ఆ చివరి 36,000 రాకపోయినా మీకు నష్టం లేదనుకునే ధరే మొదట్లో ఒప్పుకోండి.

మైపాడు_అల · సోమవారం మధ్యాహ్నం 12:40

ఫైళ్ళు పోయినా ఫర్వాలేదన్నట్టు కీబోర్డు గారు చెప్పినదాంతో కొంచెం విభేదిస్తాను. రేట్ల సైటుకి పాత డేటా కూడా విలువైనదే. నాలుగేళ్ళ కౌంటువారీ ధరలు ఇంకెక్కడా దొరకవు. బయానాకే డేటాబేసు ఇచ్చేస్తే పదో వంతుకే సరుకు పోయినట్టు.

నా మాట ఇది. హోస్టింగు సీప్యానెల్‌లో ఫుల్ బ్యాకప్ తీయండి, డేటాబేసుని పీహెచ్‌పీ మైఅడ్మిన్ నుంచి విడిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. రెండూ సెవెన్‌జిప్‌లో పాస్‌వర్డ్‌తో, ఫైళ్ళ పేర్లు కూడా కనపడకుండా మూసేయండి. ఆ జిప్పు ఆయనకి ముందే పంపండి, దాని హ్యాష్ విలువ (ఫైలు మారితే మారిపోయే గుర్తు కోడ్) ఒప్పందంలో రాయండి. వీడియో కాల్‌లో అదే ఫైలుకి హ్యాష్ తీసి చూపించి, అప్పుడే తెరిచి, పోస్టుల సంఖ్య, ఫోటోల ఫోల్డరు సైజు చూపించండి. పాస్‌వర్డ్ మాత్రం 2,88,000 ముట్టాక. అప్పుడు ఆయనకి ఫైలు చేతిలో ఉన్నట్టే, మీకూ సరుకు పోనట్టే.

కావలి_కీబోర్డు · సోమవారం మధ్యాహ్నం 12:55

అల గారి పద్ధతే మంచిది. నేను బ్లాగు లాంటి సైట్లని దృష్టిలో పెట్టుకుని చెప్పాను. ధరల చరిత్ర ఉన్న సైటుకి ఆయన చెప్పినట్టే చేయండి.

చీమకుర్తి_బ్లాకు · సోమవారం మధ్యాహ్నం 2:17

ఇక్కడే అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. గ్రానైట్ స్లాబుల గురించి ఇంగ్లీషు సైటు ఒకటి మా దగ్గర అమ్మకానికుంది. కొనేది పోలెండు కంపెనీ. 6,000 డాలర్లు పేపాల్‌లో వేస్తామంటున్నారు. లేదంటే వాళ్ళకి అలవాటైన ఎస్క్రో (బేరం తేలేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచే) సైటు లింకు పంపుతామంటున్నారు. ఏది మేలు?

ఒంగోలు_పద్దులు · సోమవారం మధ్యాహ్నం 3:10

పేపాల్ ఇండియాలో లోపలి చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, విదేశీ చెల్లింపులు తీసుకుంటుంది. మీకు పనిచేస్తుంది, కానీ ఈ బేరానికి వద్దు. కొన్నవాళ్ళకి చెల్లించిన రోజు నుంచి 180 రోజుల దాకా డిస్ప్యూట్ తెరిచే వీలుంది. పేపాల్ తమ నియమాల ప్రకారం ఒప్పుకోకపోయినా, వెనకాల క్రెడిట్ కార్డు ఉంటే కార్డు బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి లాక్కోవడం) వేయొచ్చు. మీరు పంపింది పెట్టె కాదు, కొరియర్ రసీదు లేదు, "అందింది" అని రుజువు చేయడం కష్టం. పేపాల్ రోజూ మీ బ్యాంకుకి డబ్బు నెట్టేస్తుంది కాబట్టి చేతికొచ్చిందనుకుంటారు. చార్జ్‌బ్యాక్ వస్తే పేపాల్ బ్యాలెన్సు మైనస్‌లోకి పోయి మీరే కట్టాలి.

ఇక్కడి పేమెంట్ గేట్‌వే లింకు పంపి క్రెడిట్ కార్డుతో కట్టించుకున్నా ఇదే గొడవ. పెన్నా గారూ, మీరూ గమనించండి.

వాళ్ళు నేరుగా బ్యాంకు నుంచి స్విఫ్ట్‌లో వేస్తామంటే అది బాగానే ఉంటుంది. పంపినట్టు వాళ్ళిచ్చే పీడీఎఫ్ కాగితాన్ని మాత్రం డబ్బుగా లెక్కేయకండి. అది తయారుచేయడం పిల్లల పని. మీ బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పేది) అడుగుతుంది, ఒప్పందం కాపీ, ఇన్‌వాయిసు ఇవ్వాలి, ఆ తర్వాతే రూపాయల్లో జమ. మధ్యలో బ్యాంకులు చార్జీలు కోసుకుంటాయి, కాబట్టి చార్జీలన్నీ పంపేవాళ్ళే భరించేలా పంపమని ఇన్‌వాయిసులోనే రాయండి, లేకపోతే 6,000 బదులు తక్కువ దిగి, ఎవరిది తక్కువ అన్న వాదన మొదలవుతుంది. విదేశీ డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం తీసి దాచుకోండి.

మైపాడు_అల · సోమవారం సాయంత్రం 4:02

"వాళ్ళకి అలవాటైన ఎస్క్రో సైటు" అన్న మాట దగ్గర ఆగండి బ్లాకు గారూ. సైట్లూ డొమైన్లూ అమ్మేవాళ్ళని పట్టే పెద్ద వల ఇదే. చూడ్డానికి అచ్చం అసలు ఎస్క్రో లాగే ఉంటుంది, పేరులో ఒక అక్షరం ఎక్కువో మధ్యలో గీతో ఉంటుంది. మీరు ఖాతా తెరుస్తారు, "కొనుగోలుదారు 6,000 డాలర్లు జమ చేశారు, డొమైన్ బదిలీ చేయండి" అని మెయిల్ వస్తుంది. మీరు బదిలీ చేస్తారు. ఆ తర్వాత ఆ సైటే ఉండదు. డబ్బు విడుదల చేయడానికి ముందు "వెరిఫికేషన్ రుసుము" కట్టించుకునేవాళ్ళూ ఉన్నారు.

ఏ ఎస్క్రో వాడాలో మీరే నిర్ణయించండి. ఎస్క్రో డాట్ కామ్ 1999 నుంచి నడుస్తున్న అమెరికా సంస్థ. సైట్లు అమ్మే ఫ్లిప్పాలో జరిగే బేరాలకు కూడా దాన్ని వాడతారు. అడ్రసు మీరే బ్రౌజరులో టైపు చేయాలి, మెయిల్లో లింకు నొక్కకూడదు. వాళ్ళు వేరే సైటు పేరు చెబితే ఆర్‌డీఏపీ (డొమైన్ల వివరాల) వెదుకులాటలో ఆ డొమైన్ పుట్టిన తేదీ చూడండి. ఇరవై ఏళ్ళ సంస్థ అని చెప్పుకునేదాని డొమైన్ పోయిన నెల పుట్టి ఉంటే ఇంకేం అక్కర్లేదు.

నడిచే తీరు ఇదీ. లావాదేవీలో ఏమేం ఇస్తున్నారో ఒక్కొక్కటీ రాస్తారు. "డొమైన్" అని మాత్రమే రాసి ఫైళ్ళు కూడా ఇస్తే తర్వాత తగాదాలో ఫైళ్ళకి ఆధారం ఉండదు. ఫీజు ఎవరిదో అక్కడే ఎంచుకోవచ్చు, చెరి సగం పెట్టుకోవడం మామూలు. ఇద్దరూ ఒప్పుకున్నాక వాళ్ళు ఎస్క్రోకి డబ్బు వేస్తారు. డబ్బు భద్రంగా అందిందన్న సంగతి మెయిల్లో కాదు, మీరే లాగిన్ అయ్యి మీ ఖాతాలో చూడాలి. చూశాకే బదిలీ. ఆ తర్వాత వాళ్ళకి పరిశీలనకి గడువు ఉంటుంది. గడువు చిన్నదే పెట్టండి, మూడు నుంచి ఐదు రోజులు చాలు. ముప్పై రోజులంటే ఆ ముప్పై రోజులూ మీ డొమైన్ వాళ్ళ దగ్గర, మీ డబ్బు మధ్యలో. మీ గుర్తింపు కాగితాల తనిఖీ ముందే పూర్తిచేసుకోండి, లేకపోతే చివర్లో డబ్బు మీ బ్యాంకుకి రాకుండా అక్కడే ఆగుతుంది.

ఇంకో వల కూడా చెప్తాను. "మా బాస్‌కి డొమైన్ విలువ సర్టిఫికెట్ కావాలి, ఫలానా సైటులో చేయిస్తేనే ఒప్పుకుంటాడు" అంటారు. ఆ ఫలానా సైటు వాళ్ళదే, సర్టిఫికెట్ డబ్బే వాళ్ళకి కావాల్సింది.

పెన్నా_ఇసుక · సోమవారం సాయంత్రం 5:30

మా బేరానికి కూడా ఎస్క్రో డాట్ కామ్ వాడొచ్చా?

ఒంగోలు_పద్దులు · సోమవారం సాయంత్రం 5:52

ఇద్దరూ ఇండియాలోనే ఉండి, రూపాయల బేరాన్ని డాలర్లలో తిప్పడం అనవసరం. పోవడంలో ఒక మార్పిడి, రావడంలో ఒక మార్పిడి, మధ్యలో ఫీజు, బ్యాంకు ప్రశ్నలు. ఇక్కడి బ్యాంకులు కూడా ఎస్క్రో ఖాతాలు నడుపుతాయి, కానీ దాని ఖర్చూ కాగితాలూ మీ మొత్తానికి బరువు.

మీకు మంచి దారి ఒకటే. ఆయన్ని నెల్లూరుకి రమ్మనండి. బెంగళూరులో రాత్రి బస్సు ఎక్కితే పొద్దున్నే దిగుతారు. రొయ్యల పట్టుబడి రోజు చెరువు గట్టున కాటా దగ్గరే లెక్క తేల్చుకున్నట్టు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోండి. మంగళవారమో బుధవారమో, పొద్దున పదిన్నరకి, మీ బ్యాంకు బ్రాంచిలో. ఆర్టీజీఎస్ ఆదివారం కూడా నడుస్తుంది, కానీ తేడా వస్తే అడగడానికి బ్రాంచిలో మనిషి ఉండాలి.

అంతకు రెండు రోజుల ముందే ఆయన నెట్ బ్యాంకింగులో మిమ్మల్ని బెనిఫిషియరీగా చేర్చుకుని ఒక్క రూపాయి పంపమనండి. కొత్తగా చేర్చినవాళ్ళకి మొదటి 24 గంటలూ చాలా బ్యాంకుల్లో తక్కువ పరిమితే ఉంటుంది. ఇది చేయకపోతే బల్ల దగ్గర కూర్చున్నాక "లిమిట్ దాటింది" అని వస్తుంది, అప్పుడు "యూపీఐలో ముక్కలుగా వేస్తా, వేరేవాళ్ళ ఖాతా నుంచి వేయిస్తా" అని మొదలవుతుంది. ఆ రూపాయితో పంపేవాళ్ళ పేరు కూడా మీ స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది. ఆ పేరూ ఒప్పందంలో పేరూ పాన్ కార్డు మీద పేరూ ఒకటేనా చూడండి.

ముట్టిందో లేదో ఎలా తేల్చుకోవాలంటే: ఆయన ఫోన్లో ఆకుపచ్చ టిక్కు కాదు, మీ ఫోన్‌కి వచ్చిన మెసేజీ కూడా కాదు. బ్యాంకు మెసేజీ ఎప్పుడూ అక్షరాల పేరుతో వస్తుంది, పది అంకెల నంబరు నుంచి వస్తే అది ఎవరో టైపు చేసింది. మీ బ్యాంకు యాప్‌లోకి మీరే వెళ్ళి స్టేట్‌మెంట్ తెరవండి. ఆర్టీజీఎస్ యూటీఆర్ (లావాదేవీ నంబరు) 22 అక్షరాలు, నెఫ్ట్‌ది 16, ఐఎంపీఎస్ యూపీఐలవి 12 అంకెలు. ఆయన ఆర్టీజీఎస్ అని చెప్పి 12 అంకెల నంబరు చూపిస్తే అక్కడే తేలిపోతుంది.

దర్శి_వకీలు · సోమవారం రాత్రి 8:15

వేరేవాళ్ళ ఖాతా నుంచి వేయిస్తా అన్న మాట వచ్చింది కాబట్టి, దీన్ని గట్టిగా చెప్పాలి.

డబ్బు వచ్చింది, వెనక్కి పోలేదు, అయినా వాడుకోలేని పరిస్థితి ఒకటుంది. ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బుతో మీ సైటు కొంటే, ఆ బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, పోలీసులు ఆ డబ్బు ఏ ఖాతాల గుండా పోయిందో వెతుక్కుంటూ మీ ఖాతా దాకా వస్తారు. ఆ మొత్తం మేర లియన్ (తీయకుండా బ్యాంకు ఆపేయడం) పడుతుంది, ఒక్కోసారి ఖాతా అంతా స్తంభిస్తుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. ఆర్టీజీఎస్ అయినా ఇందులో మినహాయింపు లేదు.

దీనికి మందు ముందే వేసుకోవాలి. కొనేవాళ్ళ సొంత పేరున్న ఖాతా నుంచి తప్ప ఒక్క రూపాయి తీసుకోవద్దు. బావమరిది ఖాతా, స్నేహితుడి ఖాతా, నాలుగు ఖాతాల నుంచి నాలుగు ముక్కలు, ఇవేవీ వద్దు. పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది ఈ వేరే ఖాతాకి తిప్పండి అంటే అసలు ముట్టుకోవద్దు. పంపిన ఖాతాకే, బ్యాంకు ద్వారానే వెనక్కి పోవాలి. ఇంటి ఈఎంఐలు, జీతం తిరిగే ఖాతాలో కాకుండా వేరే సేవింగ్స్ ఖాతాలో తీసుకుంటే, ఏదైనా జరిగినా ఇల్లు ఆగదు. ఒప్పందం, పాన్ కాపీ, డొమైన్ మారినట్టు రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసిన కంపెనీ) పంపిన మెయిల్, మీ ఇద్దరి సంభాషణ అన్నీ ఒక ఫోల్డరులో పెట్టుకోండి. లియన్ పడితే బ్యాంకులో ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ పోలీస్ స్టేషనో అడిగి తెలుసుకుని, ఇవే కాగితాలు వాళ్ళకి పంపాలి. సరుకు ఇచ్చి డబ్బు తీసుకున్నానని చూపించగలిగినవాడికీ చూపించలేనివాడికీ చాలా తేడా ఉంటుంది.

ఒప్పందం 100 రూపాయల స్టాంపు కాగితం మీద, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ధర, విడతలు, ఏ విడతకి ఏది ఇస్తారు, యూటీఆర్ రాసుకోవడానికి ఖాళీ, బయానా ఎప్పుడు వెనక్కి ఇవ్వాలి ఎప్పుడు ఇవ్వక్కర్లేదు, ఇవి తప్పనిసరి. కొనేవాళ్ళ కోసం ఒక మాట, పొద్దు గారూ: కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అనీ చట్టం అర్థం చేసుకుంటుంది. ఇంటర్నెట్ సైటుకి "ఇండియా వరకే, ఐదేళ్ళే" అంటే ఏం లాభం? "కాపీరైటు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా" అని రాయించుకోండి. ఇలా రాసిస్తానని అమ్మేవాళ్ళే ముందుగా చెబితే, విడతల దగ్గర బేరం తేలికవుతుంది.

పొదిలి_పొద్దు · సోమవారం రాత్రి 8:40

ఈ ఐదేళ్ళ సంగతి చాలామంది కొనేవాళ్ళు పట్టించుకోరు. ధన్యవాదాలు వకీలు గారూ.

మైపాడు_అల · మంగళవారం ఉదయం 7:20

డొమైన్ ఎలా ఇవ్వాలన్నది కూడా డబ్బుకి ముడిపడిందే, అందుకే చెప్తున్నా.

రెండు దారులు. ఒకటి, ఆయన్ని మీ రిజిస్ట్రార్ దగ్గరే ఖాతా తెరవమని, ఆ ఖాతాకి పుష్ చేయడం. నిమిషాల్లో అయిపోతుంది, బల్ల దగ్గర కూర్చున్నప్పుడే ఇద్దరూ చూడొచ్చు. రెండోది, లాక్ తీసి, ఆథ్ కోడ్ ఇచ్చి, వేరే రిజిస్ట్రార్‌కి మార్చడం. డాట్ కామ్‌కి ఐదు రోజుల దాకా పట్టొచ్చు, ఏడాది రెన్యువల్ కూడా ఆయన కట్టాలి. ఆ ఐదు రోజులూ ఇద్దరికీ దిగులే. అందుకే పుష్ అడగండి. వివరాల్లో యజమాని పేరు మారాక 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి పోనివ్వని లాక్ చాలాచోట్ల పడుతుంది, ఆ సంగతి ఆయనకి ముందే చెప్పండి, లేకపోతే తర్వాత మీరేదో దాచారని మిగతా 36,000 ఆపుతారు. డాట్ ఇన్ డొమైన్లని చూసే నిక్సీ సంస్థ నియమాలు వేరే.

ఆథ్ కోడ్ అంటే తాళం చెవి. బయానాకి, స్క్రీన్‌షాట్‌కి, "ఊరికే చెక్ చేసుకుంటాం" అన్న మాటకి ఇవ్వకూడదు.

మీ రిజిస్ట్రార్ ఖాతా పాస్‌వర్డ్ మొత్తంగా ఇచ్చేయడం కూడా వద్దు. అందులో వేరే డొమైన్లుంటే అవీ పోతాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది: ఆ డొమైన్ మీద ఉన్న మెయిల్ ఐడీతో మీకు ఏవేం లాగిన్లు ఉన్నాయో పుష్‌కి ముందే వెతకండి. బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, ఫేస్‌బుక్, హోస్టింగు ఏదైనా సరే. డొమైన్ ఆయనదయ్యాక ఆ మెయిల్ కూడా ఆయనదే, "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే లింకు ఆయనకే పోతుంది.

కావలి_కీబోర్డు · మంగళవారం ఉదయం 9:05

యాడ్‌సెన్స్ గురించి ఎవరూ రాయలేదు. ఆ ఖాతా అమ్మకూడదు, ఒకరి నుంచి ఒకరికి మారదు. ఆయన సొంత ఖాతా పెట్టుకోవాల్సిందే. పుష్ చేసే రోజే మీ ప్రకటనల కోడ్ తీసేసి, యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో మీ పబ్లిషర్ ఐడీ ఉన్న వరుస చెరిపేయండి. ఉంచేస్తే ఆయన సైటులో ఎవరైనా దొంగ క్లిక్కులు చేయిస్తే దెబ్బ పడేది మీ ఖాతాకి. అప్పటిదాకా పేరుకున్న ఆదాయం నెల తిరిగాక 21–26 మధ్య వస్తుంది, అది మీదేనని ఒప్పందంలో ఒక వరుస రాయండి.

సాంకేతికంగా: ముందురోజే డీఎన్ఎస్ టీటీఎల్ (పాత సర్వర్ అడ్రసు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. నేమ్‌సర్వర్లు మారితే అన్నిచోట్లా కనబడటానికి 48 గంటల దాకా పట్టొచ్చు, పాత హోస్టింగ్ పది రోజులు ఆపకండి. ఆ పది రోజులకే ఆ చివరి విడత. సెర్చ్ కన్సోల్‌లో ఆయన్ని ఓనర్‌గా చేర్చండి, అనలిటిక్స్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కివ్వండి, ఆఖరి విడత ముట్టాక మీరు తప్పుకోండి. రేట్ల మెసేజీలు పోయే రైతుల ఫోన్ నంబర్ల జాబితా ఉంటే మాత్రం సరుకులో కలిపి అమ్మకండి, అవి వాళ్ళ సొంత వివరాలు. వాళ్ళకి చెప్పి, ఒప్పుకున్నవాళ్ళవే ఇవ్వాలి.

పెన్నా_ఇసుక · మంగళవారం ఉదయం 11:44

అందరికీ చేతులెత్తి దండం. ఆయనకి ఫోన్ చేసి విడతల పద్ధతి చెప్పాను. వచ్చే బుధవారం నెల్లూరు వస్తామన్నారు, రూపాయి కూడా పంపారు. కాకపోతే రూపాయి ఏదో ట్రేడర్స్ పేరు మీద వచ్చింది, పాన్ కాపీ మాత్రం ఆయన సొంత పేరుతో పంపారు. ఆ ట్రేడర్స్ ఆయనదే అంటున్నారు.

ఒంగోలు_పద్దులు · మంగళవారం మధ్యాహ్నం 12:10

ఆయనదే అయ్యుండొచ్చు, కరెంటు ఖాతా నుంచి కొనడం మామూలే. అప్పుడు కొనేది ఆ ట్రేడర్స్ అని ఒప్పందంలో మార్చండి: "ఫలానా ట్రేడర్స్, యజమాని ఫలానా". జీఎస్టీ నంబరు ఉంటే అడిగి పోర్టల్‌లో వెతకండి, యజమాని పేరు, వ్యాపారం పేరు రెండూ కనబడతాయి. జీఎస్టీ లేకపోతే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్, అదీ లేకపోతే ఆ ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ లేదా క్యాన్సిల్ చేసిన చెక్కు. భాగస్వామ్య సంస్థ అని తేలితే మిగతా భాగస్వాముల సంతకం కూడా ఉండాలి. వీటిలో ఏదీ ఇవ్వలేకపోతే సొంత పేరున్న సేవింగ్స్ ఖాతా నుంచే వేయమనండి, ఆ ఖాతా నుంచి మళ్ళీ రూపాయి పంపమనండి.

పెన్నా_ఇసుక · మంగళవారం మధ్యాహ్నం 12:32

జీఎస్టీ నంబరు పంపారు. పోర్టల్‌లో యజమానిగా ఆయన పేరే ఉంది, సొంత వ్యాపారమనే చూపిస్తోంది. ఒప్పందంలో పేరు మార్పిస్తున్నా.

దర్శి_వకీలు · మంగళవారం మధ్యాహ్నం 12:50

బాగుంది. ఆ పోర్టల్ పేజీని తేదీతో సహా ప్రింటు తీసి ఒప్పందం వెనక జతచేయండి, దాని మీద కూడా ఆయన చేత సంతకం పెట్టించండి. ఇన్‌వాయిసు ట్రేడర్స్ పేరు మీదే రాయండి.